సడలించడంలోనూ ఒక పనితనం

కలిదిండిలో పునాది తవ్వితే నల్లమట్టి వస్తుంది, ఆ తర్వాత నీరు ఊరుతుంది. రాయి మాత్రం తగలదు. కృష్ణా డెల్టా చివర, కొల్లేటికి దక్షిణాన ఉన్న ఈ మండలంలో స్లాబుకు కంకర కావాలన్నా, స్థలం మెరక చేయడానికి గ్రావెల్ కావాలన్నా మెట్ట నుంచి లారీల మీద రావాల్సిందే. అందుకే పాత గోడ కూలినప్పుడు ఆ రబ్బీసును ఇక్కడ ఎవరూ ఊరికే పారబోయరు. ఎవరి దొడ్డి పల్లంగా ఉందో, ఏ చెరువు గట్టు జారిపోతోందో చూసుకుని అక్కడికి తోలిస్తారు. రాయి లేని నేల మనుషులకు రాయి విలువ నేర్పింది.

ఆ విలువ తెలిసిన పనితనం మన ప్రాంతంలో పాతదే. పెంకుటిల్లు విప్పే మేస్త్రీని చూడండి. కట్టిన క్రమానికి సరిగ్గా ఎదురు క్రమంలో ఆయన పని సాగుతుంది. ముందు పెంకు దిగుతుంది. తర్వాత రీపర్లు, వాసాలు, దూలాలు. ఆపైన ద్వారబంధాలు, కిటికీలు. గోడ వంతు ఆఖరున వస్తుంది. గోడను తోసి పడగొట్టడు. పై వరుస నుంచి ఇటుక ఇటుకగా ఊడదీస్తాడు. గానుగ సున్నంతో కట్టిన గోడయితే ఇటుక కంటే సున్నమే మెత్తన, నాలుగు దెబ్బలకు ఇటుక శుభ్రంగా విడివడుతుంది. ఆ ఇటుక ఇంకో గోడకు పనికొస్తుంది. విరిగిన ముక్కలు నేల కింద పరుపుగా పడతాయి, మెత్తగా దంచితే సున్నంలో కలిపే సుర్ఖీ అవుతుంది. పారేయడానికి మిగిలేది చాలా తక్కువ.

సిమెంటు వచ్చాక ఈ లెక్క మారింది. సిమెంటు పట్టు ఇటుకను వదలదు. విడదీయబోతే ఇటుకే పగులుతుంది. స్లాబులో కంకర, ఇసుక, సిమెంటు, ఇనుము ఒకే ముద్దగా బిగిసిపోయి ఉంటాయి. చేతి సుత్తికి అందని ఆ ముద్దను విప్పడానికి యంత్రం కావాలి. ఢిల్లీలోని బురారీలో 2009 ప్రాంతంలో మొదలైన శిథిలాల శుద్ధి ప్లాంటు దేశంలో ఇలాంటివాటిలో మొదటిది. హైదరాబాదు జీడిమెట్లలో రోజుకు 500 టన్నుల శిథిలాలను శుద్ధి చేసే ప్లాంటు 2020 నవంబరులో ప్రారంభమైంది. ఆ తర్వాత నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో అంతే సామర్థ్యంతో మరొకటి వచ్చింది.

ధాన్యం మిల్లు చూసిన కళ్లకు ఈ ప్లాంటు కొత్తగా అనిపించదు. అక్కడ ఊక, తవుడు, నూక, బియ్యం ఏ దారిన వెళ్లాల్సినవి ఆ దారిన వెళ్లినట్టే, ఇక్కడ మట్టి, ఇనుము, కంకర, ఇసుక వేరువేరు దారుల్లో బయటికొస్తాయి. టిప్పరు ముందు వేబ్రిడ్జి ఎక్కుతుంది. సరుకు దించాక మనుషులు కంటితో చూసి పెద్ద కర్రలు, గుడ్డలు, ప్లాస్టిక్ ఏరేస్తారు. ఆస్‌బెస్టాస్ కలిసిన పాత సిమెంటు రేకులుంటే అవి క్రషర్ దాకా వెళ్లకుండా ఇక్కడే పట్టుకోవాలి. నలిగితే వాటి పీచు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. తర్వాత ఇనుప కడ్డీల జల్లెడ మీద వదులు మట్టి రాలిపోతుంది. జా క్రషర్ పెద్ద ముక్కలను నమిలి చిన్నవి చేస్తుంది. బెల్టు మీద వేలాడే అయస్కాంతం ఊచలను లాగేస్తుంది. అదిరే జల్లెడలు సైజుల వారీగా కంకరను విడగొడతాయి.

తడి పద్ధతి ప్లాంట్లలో అసలు నైపుణ్యం ఆ తర్వాత మొదలవుతుంది. పగిలిన కంకర రాయికి పాత సిమెంటు ఇంకా అంటుకునే ఉంటుంది. నీళ్లలో ఒకదానితో ఒకటి రాపిడి పడేలా కడిగితే ఆ పొర కొంత ఊడుతుంది, మట్టి కరిగిపోతుంది. ఇసుక రేణువులను వేరే పట్టుకుంటారు. మిగిలిన బురద నీటిని తొట్టెల్లో తేర్చి, అడుగున చేరిన ఒండ్రును పిండి, నీటిని మళ్లీ కడగడానికే వాడతారు. చివరికి దొరికిన ఇసుక, కంకరలతో పేవర్ బ్లాకులు, కెర్బ్ రాళ్లు, ఇటుకలు తయారవుతాయి.

ఈ కంకరను కొత్త స్లాబులో వాడొచ్చా? దీనికి భారత ప్రమాణం ఐఎస్ 383 ఇచ్చిన జవాబు ఎంత జాగ్రత్తగా రాసినదో గమనించాలి. 2016లో సవరించిన ఆ ప్రమాణం శుద్ధి చేసిన కాంక్రీటు కంకరకు తలుపు తెరిచింది, కానీ కొలిచి తెరిచింది. ఇనుము లేని మామూలు కాంక్రీటులో 25 శాతం దాకా వాడొచ్చు. ఇనుము వేసిన కాంక్రీటులో 20 శాతం దాకా, అదీ ఎం25 గ్రేడు దాటకుండా. పునాది కింద పరుపుగా పోసే, ఎం15 కంటే తక్కువ గ్రేడు బలహీన కాంక్రీటులోనైతే నూటికి నూరు శాతం. బరువు పెరిగేకొద్దీ వాటా తగ్గుతుంది.

అందులోనే ఇంకో అమరిక ఉంది. మామూలు కంకర తన బరువులో 5 శాతానికి మించి నీరు పీల్చకూడదు. శుద్ధి చేసిన కంకర, దానికి అంటిన పాత సిమెంటు పొర వల్ల, అంతకంటే ఎక్కువ పీలుస్తుంది. పాత హద్దునే పట్టుకుంటే చాలావరకు అది పరీక్ష తప్పుతుంది. అందుకని ప్రమాణం ఆ హద్దును 10 శాతం దాకా సడలించింది. ఊరికే సడలించలేదు, కలిపే ముందు కంకరను బాగా తడిపి ఉంచాలని షరతు పెట్టింది. ముందే నీరు తాగిన కంకర సిమెంటుకు దక్కాల్సిన నీటిని లాక్కోదు. సడలింపు వల్ల ఏ హాని రావచ్చో కనిపెట్టి, సరిగ్గా ఆ హానికే మందు పక్కన పెట్టారు. హద్దు మారినా, ఆ హద్దు దేనికోసం పుట్టిందో ఆ ప్రయోజనం చెదరలేదు. ఇంత చిన్న నిబంధనలో ఇంత పొందిక చూసినప్పుడు, మంచి మేస్త్రీ చేతి పని చూసినంత గౌరవం కలుగుతుంది.

ప్లాంటు స్థలానికి ఉండే హద్దులను కూడా ఈ కళ్లతోనే చూడాలి. 2016 మార్చి 29న వచ్చిన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ఒక్క రోజులో 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటి శిథిలాలు వెలువరించేవాళ్లు వాటిని నాలుగు పాళ్లుగా వేరుచేయాల్సి ఉండేది: కాంక్రీటు; మట్టి; ఇనుము, కలప, ప్లాస్టిక్; ఇటుక, గచ్చు. శుద్ధి చేసే స్థలం ఇళ్లకు, అడవులకు, చెరువులకు, చిత్తడి నేలలకు దూరంగా ఉండాలన్నారు. ప్లాంటుకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలన్నారు. వీటి స్థానంలో, 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉండే నిర్మాణాలు చేపట్టేవాళ్ల మీద శుద్ధి బాధ్యత కూడా మోపే కొత్త నిబంధనలు 2025లో వెలువడ్డాయి. 2026 ఏప్రిల్ 1 వాటి అమలు తేదీ.

అయితే శిథిలాలు రోజూ ఒకే లెక్కన రావు. వరదో, తుపానో, భూకంపమో వస్తే ఏళ్ల పాటు రావాల్సిన సరుకు వారంలో గేటు ముందు నిలబడుతుంది. అప్పుడు రోజుకు ఇన్ని టన్నులే, ఇన్ని గంటలే, ఇంత ఎత్తు గుట్టే అన్న హద్దులు కొంతకాలం సడలించాల్సి వస్తుంది. సడలించకపోతే లారీలు రాత్రికి రాత్రి రోడ్డు పక్కన, కాలవ గట్టున దింపేసి పోతాయి. అడ్డదిడ్డంగా సడలిస్తే తాత్కాలికం కాస్తా శాశ్వతమై కూర్చుంటుంది. ఈ రెండు కీడుల మధ్య నడిచే ఉత్తర్వు రాయడానికి చాలా నేర్పు కావాలి.

న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరం ఆ నేర్పును చూపించింది. 2011 ఫిబ్రవరి 22న వచ్చిన భూకంపంలో 185 మంది చనిపోయారు. నగర కేంద్రంలో భవనాలు వందల్లో కూల్చాల్సి వచ్చింది. మామూలు దారిలో స్థల అనుమతులు తీసుకునే వ్యవధి లేదు. ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చి, బాటిల్ లేక్ అడవిలో అప్పటికే మూతపడి ఉన్న బర్‌వుడ్ చెత్త డంపింగు స్థలం దగ్గర శిథిలాలను చేర్చి, వేరుచేసి, శుద్ధి చేసే కేంద్రానికి దారి చేసింది. ఇక్కడ రెండు విషయాలు మెచ్చుకోవాలి. కొత్త నేలను పాడుచేయకుండా, అంతకుముందే చెత్త మోసిన నేలను ఎంచుకున్నారు. రెండోది, ఇలాంటి ఉత్తర్వులకు మూలమైన 2011 పునరుద్ధరణ చట్టం ఐదేళ్లకు, అంటే 2016 ఏప్రిల్‌లో, దానంతట అదే ముగిసిపోయేలా రాసుకున్నారు. ముగింపు కోసం మళ్లీ ఎవరూ పోరాడాల్సిన పని లేదు.

ఇంగ్లండులో కరోనా కాలం నాటి 2020 వ్యాపార, ప్రణాళికా చట్టంలో ఇంకో రకం నేర్పు కనిపిస్తుంది. అది నిర్మాణ స్థలాల పని గంటల గురించినది. గంటలు పెంచమని దరఖాస్తు వస్తే 14 రోజుల్లో స్థానిక సంస్థ తేల్చాలి, తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. ఇంత వేగం ఇచ్చిన చేతితోనే ఆ చట్టం గట్టి కంచె కూడా వేసింది. ఏ సడలింపూ 2021 ఏప్రిల్ 1 దాటకూడదు. మామూలు ఇళ్లకు చేసుకునే మార్పుల పనులకు ఇది వర్తించదు. అంటే ఎవరి కోసం, ఎందుకు, ఎప్పటిదాకా అన్న మూడింటికీ జవాబు ఆ పాఠంలోనే ఉంది.

మన దేశంలో నోయిడా జంట భవనాల ఉదంతం వేరే పాఠం చెబుతుంది. 2022 ఆగస్టు 28న ఆ భవనాలను కూల్చినప్పుడు సుమారు 80,000 టన్నుల శిథిలాలు పోగుపడ్డాయని అంచనా. కొంత భాగం అక్కడి నేలమాళిగలను పూడ్చడానికే సరిపోయింది. సుమారు 30,000 టన్నులను మూడు నెలల్లో శుద్ధి చేసే బాధ్యత హైదరాబాదుకు చెందిన రీ సస్టైనబిలిటీ సంస్థ నోయిడా ప్లాంటులో తీసుకుంది. రోజుకు 300 టన్నులు నమలగల యంత్రం ముందు గుట్టంతా ఒక్కసారి పోయలేదు. యంత్రం సామర్థ్యానికి తగ్గట్టు రోజుల లెక్క వేసుకున్నారు.

వీటన్నిటినీ దగ్గర పెట్టి చూస్తే మంచి సడలింపు ఎలా ఉంటుందో తెలుస్తుంది. హద్దుల్లో మూడు రకాలున్నాయి. కొన్ని యంత్రం పెట్టినవి: క్రషర్ దవడ పట్టగలిగినంతే పడుతుంది, ఉత్తర్వుతో అది పెరగదు. కొన్ని ఇరుగుపొరుగు సౌఖ్యం కోసం పెట్టినవి: పని గంటలు, లారీల సంఖ్య, గుట్ట ఎత్తు. ఇంకొన్ని ఊపిరి కోసం, నీటి కోసం పెట్టినవి: కాంక్రీటు దుమ్ములోని సిలికా, కడిగిన నీటిలోని క్షారం, నేలలోకి దిగే ఊట. నడుమ ఉన్నవాటినే సడలించవచ్చు. మూడో రకాన్ని ముట్టుకోకూడదు. పైగా లారీలు పెరిగితే నీళ్లు చల్లడం, టార్పాలిన్ కప్పడం, టైర్లు కడగడం కూడా అంతకంతకు పెరగాలి. కంకరకు నీరు పట్టించమన్న ఐఎస్ 383 షరతు వెనకున్న తెలివి అదే. ముగింపు తేదీ రాయాలి, ఆ రోజుకు గుట్ట ఎంతకు దిగాలో టన్నుల్లో రాయాలి, దిగకపోతే కొత్త లారీ గేటు దాటకూడదని రాయాలి.

కొల్లేటి మనుషులకు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలకు సరస్సులో చేపల చెరువులకు చోటిచ్చింది. పేదల బతుకుదెరువు కోసం తీసిన ఆ దారి ఎంత వెడల్పు, ఎక్కడ ఆగాలి అన్నది గట్టిగా కట్టలేదు. గట్టు మీద గట్టు లేచింది. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో సరస్సు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది, 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరిట యంత్రాలు తెచ్చి గట్లు తెంచారు. ఆ తెంపులో ఎన్ని కుటుంబాలు నష్టపోయాయో ఈ ఊళ్లు చూశాయి. ముగింపు ముందే రాసుకోని అనుమతికి చివర అంత దెబ్బ తగులుతుంది, అదీ ఎక్కువగా చిన్నవాళ్లకే.

బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ నీరు కొల్లేటికే చేరాలి, కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగాక ఆ నీరు ఇక్కడి లంక గ్రామాలను చుట్టుముట్టింది. ఇలాంటి చోట శిథిలాల గుట్టను పల్లంలో పెడితే అది నీటి దారికి అడ్డం. కాంక్రీటు కడిగిన నీటి పీహెచ్ 11 దాటగలదు. రోజూ చెరువు నీటి పీహెచ్ చూసుకునే చేపల రైతుకు ఆ అంకె చాలు. అందుకని శుద్ధి కేంద్రం ఐదో కాంటూరుకు బాగా ఎగువన, మెట్ట వైపు ఉండాలి. కలిదిండి, కైకలూరు వంటి చోట్ల సరుకు చేర్చి వేరుచేసే చిన్న యార్డులు చాలు. వరద తర్వాత వాటి నిల్వ హద్దును కొన్ని నెలలు పెంచవచ్చు. స్థలం హద్దును మాత్రం ఒక్క గజం కూడా జరపకూడదు.

ఆ ఉత్తర్వును తుపాను వచ్చాక హడావిడిగా రాయకూడదు. ఎండాకాలంలోనే, తీరిగ్గా, పంచాయతీ గోడ మీద తెలుగులో అతికించి, చేపల రైతులు, లారీ వాళ్లు, ఇటుక మేస్త్రీలు చదివి అభ్యంతరాలు చెప్పాక ఖాయం చేసి పెట్టుకోవాలి. నీరు వచ్చిన రోజున కలెక్టరు చేయాల్సింది తేదీలు నింపి సంతకం పెట్టడం వరకే. రాయి లేని మన నేలకు కూలిన ప్రతి గోడా గనితో సమానం. ఆ గనిని తవ్వుకునే హక్కు, తవ్వడం ఆపాల్సిన రోజు, రెండూ ఒకే కాగితం మీద ఉండాలి.