ఈ చిటపట ఎవరిది?

రాత్రి పదిన్నర దాటింది. పోర్టిస్‌హెడ్ బ్యాండ్ వాళ్ల ‘డమ్మీ’ ఎల్పీలో చివరి పాట ‘గ్లోరీ బాక్స్’ నడుస్తోంది. వెనకాల సన్నగా చిటపట. దుమ్మనుకుని ముల్లు ఎత్తి, రికార్డు బ్రష్షుతో తుడిచి, మళ్లీ దించాను. కొంత పోయింది, కొంత పోలేదు.

అదే పాటని హై-రెజల్యూషన్ ఫైలులో, హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఇక్కడ ముల్లూ లేదు, దుమ్మూ లేదు. చిటపట మాత్రం అలాగే ఉంది!

ఇందాకటి నుంచి నేను తుడుస్తున్నదాంట్లో కొంత వాళ్లు కావాలని పెట్టిన మరక. ఈ ఆల్బమ్ 1994లో వచ్చింది. మరుసటి ఏడాది బ్రిటన్ సంగీత పురస్కారం మెర్క్యురీ ప్రైజ్ గెలిచింది. బ్రిస్టల్ ట్రిప్-హాప్ సంగీతం అనగానే ముందు గుర్తొచ్చే రికార్డుల్లో ఇదొకటి. ‘గ్లోరీ బాక్స్’లో తిరిగే సంగీతపు ముక్క ఐజాక్ హేస్ పాత రికార్డులోది. అది చాలదన్నట్టు బ్యాండులోని జెఫ్ బారో, ఏడ్రియన్ అట్లీ తాము వాయించినవాటిని కూడా రికార్డులుగా అచ్చు వేయించి, వాటిని నేలమీద పడేసి తొక్కి, అరగదీసి, ఆ అరిగిన శబ్దాన్నే పాటల్లోకి ఎత్తుకున్నారు.

మరి ఎల్పీ సొంతంగా చేసేదేమిటి? రికార్డు నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది. కానీ అంచు దగ్గర సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నుంచి సాగితే, లోపలి చుట్లకొచ్చేసరికి 20 పైచిలుకే. అంత ఇరుకులో పై స్థాయి శబ్దాలు నలుగుతాయి. చివరి పాట ఉన్నది సరిగ్గా అక్కడే. మా ఇంటి ప్లేయర్‌లో గాయని బెత్ గిబ్బన్స్ పలికే ‘స’కారాలు కాస్త గరగరలాడతాయి. ఫైలులో ఆమె ఊపిరి కూడా విడిగా వినిపిస్తుంది.

ఫైలులోని చిటపట ఎన్నిసార్లు విన్నా అదే క్షణంలో, అంతే మోతాదులో వస్తుంది. అది వాళ్లది. ఎల్పీలో దానికి మా ఇంటి దుమ్ము, నా చెయ్యి జారిన గీతలు ఏటేటా కలుస్తుంటాయి. అది నాది. ఆ రెండోది నాకు ఇష్టమే, కానీ దాన్ని పట్టుకుని ‘వినైల్‌లోనే అసలు శబ్దం’ అనలేను. వాళ్లు చేసిందేమిటో తెలియాలంటే ఫైలే నయం.

కాబట్టి ఈ రికార్డు కొనుక్కున్నవాళ్లకి ఒక మాట. బ్రష్షు పట్టుకునే ముందు ఒకసారి ఫైలు వినండి. ఏది తుడవాలో, ఏది తుడిచినా పోదో అప్పుడు తెలుస్తుంది.