సెమికోలన్ పనితనం

తెలుగు వాక్యం క్రియ రాగానే తలుపు మూసేస్తుంది. ఆ తలుపును ఓరగా ఉంచగలిగేది సెమికోలన్. "నాన్న ఉత్తరం చదివాడు; దీపం తగ్గించాడు." ఇక్కడ ఫుల్‌స్టాప్ పెడితే రెండు పనులూ విడిపోతాయి. 'చదివి' అని కలిపితే ఒకదాని వెంట ఒకటి మామూలుగా సాగిపోతాయి. 'కాబట్టి' అంటే కారణం మనమే చెప్పేసినట్టు. సెమికోలన్ మాత్రం ఆ ఉత్తరంలో ఏముందో పాఠకుణ్ణే ఊహించుకోనిస్తుంది. డాష్ నేర్పు వేరు, క్రియ అయిపోయాక కూడా ఇంకో మాటకు చోటిస్తుంది. "అమ్మ వచ్చింది – చెప్పుల్లేకుండా." అదే మాట ముందుంటే ఒట్టి సమాచారం, చివర పడితే గుండె ఝల్లుమంటుంది. మూడు చుక్కలు మాత్రం పాత్ర గొంతు నిజంగా పూడుకుపోయిన చోటే నాకు ఇష్టం. వీటిని పొదుపుగా వాడే రచయితలంటే నాకెంతో గౌరవం. చదివే గొంతు ఎక్కడ, ఎంతసేపు ఆగాలో వాళ్లు ముందే విని రాస్తారు.