గవ్వలకు పాకం పట్టే చేయి

గవ్వలు చేసేవాళ్లలో అందరూ మెచ్చుకునేది చెక్క మీద బొటనవేలితో పిండిని నొక్కి చుట్టే ఒడుపును. నేను ముందు పాకం పట్టే చేతికి దండం పెడతాను. పంచదార మునిగేదాకా నీళ్లు పోసి మరిగిస్తే మొదట లేత తీగ, తర్వాత ముదురు తీగ. 105 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి నిమిషమూ లెక్కే. కొలత మాత్రం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగే తీగే. లేతగా దించితే గవ్వలు జిగటగా అంటుకుంటాయి. ముదిరితే గిన్నెలోనే గడ్డకడుతుంది.

అసలు పనితనం పొయ్యి కట్టేశాకే. వేయించిన గవ్వలు వేసి ఆపకుండా కలపాలి. చల్లారుతున్న నీరు అంత పంచదారను పట్టి ఉంచలేదు. ఆ కదలికకు అది సన్నటి పలుకులుగా విడిపోతుంది. నిగనిగలాడే తడి చూస్తుండగానే తెల్లటి పూతై గవ్వ గీతల్లో సర్దుకుంటుంది. ఆ గీతలు అందానికే అనుకుంటారు గానీ, పాకానికి పట్టు దొరికేది వాటిలోనే! గులాబ్ జామున్ పాకంలో నిమ్మరసం పిండేది ఇలా పలుకు కట్టకుండా ఉండాలనే. ఇక్కడ అదే వేస్తే పూత చెడుతుంది.

రుచికి నాకు బెల్లం గవ్వలే ఇష్టం. అయినా పళ్లెంలో విడివిడిగా రాలే పంచదార గవ్వలను చూస్తే, ఆ కలిపిన చేయి ఎవరిదో అడగకుండా ఉండలేను.