ఆ మొరుగు ఎవరికోసం?

కోతలు అయిపోయిన చేలల్లో గొర్రెల మంద పెట్టించుకోవడం పాలమూరు, అనంతపురం పల్లెల్లో పాత అలవాటు. రైతుకు ఎరువు, కాపరికి నాలుగు రాళ్లు. ఆ రాత్రుళ్లు కాపరి గొంగడి కప్పుకుని మంద పక్కనే నడుం వాలుస్తాడు. కాపలా పని కుక్కది. అది తెల్లవార్లూ ఏదో ఒకదానికి మొరుగుతూనే ఉంటుంది. కాపరి మాత్రం ప్రతిసారీ లేవడు. దూరాన బాట మీద బండి పోతే ఒక తీరు మొరుగు, పక్క చేలో నక్క కదిలితే ఇంకో తీరు. మొదటిది వినపడితే అటు నుంచి ఇటు తిరిగి పడుకుంటాడు. రెండోది వినపడితే కళ్లు తెరిచేలోపే కర్ర చేతిలో ఉంటుంది.

ఇది విద్య. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, చెవి నేర్చుకుంటుంది. పట్నాల్లో ఆ చెవి మొద్దుబారింది. రాత్రి రెండు గంటలకు వీధికుక్క మొరిగితే కిటికీ తెరుచుకుంటుంది, ఒక తిట్టో ఒక రాయో బయటపడుతుంది, కిటికీ మూసుకుంటుంది. అది దేన్ని చూసి మొరిగిందో తొంగిచూసేవాళ్లు తక్కువ.

నిజానికి కుక్క గొంతును తెలుగువాళ్లు ఎంత శ్రద్ధగా విన్నారో మన క్రియలే చెబుతాయి. మొరుగుతుంది, గుర్రుమంటుంది, కుయ్యిమంటుంది, మూలుగుతుంది, ఊళ పెడుతుంది. వీటిలో ఒకదాని చోట ఇంకోటి వాడితే ఊళ్లో చిన్నపిల్లాడు కూడా సరిదిద్దుతాడు. అయితే మొరగడం అనే ఒక్క మాటలోనే ఎన్నో రకాలు దాక్కుని ఉన్నాయి.

కాలిఫోర్నియాలో సోఫియా యిన్ అనే పశువైద్యురాలు ఆ రకాలను విడదీసి చూశారు. బ్రెండా మెక్‌కోవన్‌తో కలిసి 2004లో ప్రచురించిన అధ్యయనానికి పది కుక్కల దగ్గర 4,672 మొరుగులు రికార్డు చేశారు. కొత్తవాళ్లు కాలింగ్ బెల్ కొట్టినప్పుడు కొన్ని, యజమానికి దూరంగా ఒంటరిగా ఉంచినప్పుడు కొన్ని, ఆడుకుంటున్నప్పుడు కొన్ని. బెల్ కొట్టినప్పటి మొరుగు బొంగురుగా, మందంగా ఉంది, గుక్క తిప్పుకోకుండా వచ్చింది. ఒంటరి కుక్కది సన్నటి గొంతు, ఒక్కో అరుపుకీ మధ్య ఎడం. ఆటలోదీ సన్నటి గొంతే, స్వరం మాత్రం పైకీ కిందికీ ఎగిరిపడుతూ ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు. కోపం వచ్చిన జంతువు గొంతు లావవుతుందని, భయపడినా చేరువ కోరినా గొంతు సన్నబడుతుందని యూజీన్ మోర్టన్ అనే శాస్త్రవేత్త 1977లోనే పక్షుల్నీ జంతువుల్నీ పోల్చి చెప్పారు. తల్లి బిడ్డను గదమాయించే గొంతుకూ ముద్దుచేసే గొంతుకూ ఉన్న తేడా కూడా ఇదే.

హంగరీలో మూడి అనే కుక్కజాతి ఉంది. అదీ మందల కుక్కే. బుడాపెస్ట్‌లోని ఎట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయంలో పేటర్ పొంగ్రాట్స్ బృందం ఈ కుక్కల మొరుగులను ఆరు సందర్భాల్లో రికార్డు చేసింది. కొత్తమనిషి వచ్చినప్పుడు, శిక్షకుడు మీదికి ఉసిగొల్పినప్పుడు, షికారుకు బయల్దేరబోతున్నప్పుడు, చెట్టుకు కట్టేసి యజమాని వెళ్లిపోయినప్పుడు, బంతి చూపించి ఊరించినప్పుడు, ఆడుకుంటున్నప్పుడు. ఆ రికార్డులను మనుషులకు వినిపించి ఏది ఎప్పటిదో చెప్పమన్నారు. మూడి కుక్కల్ని పెంచేవాళ్లూ, వేరే జాతుల్ని పెంచేవాళ్లూ, జన్మలో కుక్కను పెంచనివాళ్లూ ఇంచుమించు ఒకే తీరుగా చెప్పగలిగారు. గాలిలో రాయి వేస్తే తగిలేదానికన్నా ఎక్కువసార్లే సరిగ్గా చెప్పారు. ఈ ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. ఆ తర్వాత పుట్టుకతో చూపులేనివాళ్లకు వినిపించినా ఇదే తేలింది. కుక్కను ఎన్నడూ కంటితో చూడనివాళ్లు కూడా దాని గొంతులోని కోపాన్నీ దిగులునూ పట్టుకున్నారు.

మరి కుక్క ఇంతగా ఎందుకు మొరుగుతుంది? దాని దాయాది తోడేలు చాలా అరుదుగా మొరుగుతుంది. పిల్లలున్న గుహ దగ్గరికి ఎవరైనా వస్తే హెచ్చరికగా ఒకటి రెండుసార్లు, అంతే. వేల ఏళ్లు మనిషి పంచన బతికిన కుక్క, మనిషికి వినపడాలనే మొరుగును పెంచుకుందని బుడాపెస్ట్ బృందం వాదన. క్యాథరిన్ లార్డ్, రేమండ్ కోపింగర్ తదితరులు 2009లో వేరే మాట చెప్పారు. దగ్గరికి పోవాలంటే భయం, పారిపోదామంటే గూడో పిల్లలో తిండో అక్కడే ఉన్నాయి. ఆ ఎటూ తేలని స్థితిలో పుట్టే అరుపే మొరుగు అన్నారు. డేగ వస్తే కాకులన్నీ మూగి గోల చేస్తాయే, అలాంటిదే. మనుషుల నడుమ బతికే కుక్కకు ఈ స్థితి రోజుకు పదిసార్లు ఎదురవుతుంది. మన వీధుల్ని చూస్తే రెండు మాటలూ నిజమే అనిపిస్తాయి. నడిరాత్రి ఒక కుక్క అందుకోగానే వీధి వీధంతా అందుకోవడం రెండో మాటకు సాక్ష్యం. ఆ కుక్కే తెలిసిన మనిషి గొంతు విని తోక ఊపుతూ సన్నగా రెండుసార్లు అరిచి ఊరుకోవడం మొదటి మాటకు సాక్ష్యం.

“ఊరికే మొరుగుతోంది” అనే మాట మాత్రం ఎప్పుడూ తప్పే. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కుక్క చెవి సుమారు 45,000 దాకా వింటుంది. మనకు నిశ్శబ్దంగా ఉన్న రాత్రి దానికి నిశ్శబ్దం కాదు.

మేడ మీద కట్టేసిన కుక్క ఏ కాలనీలోనైనా కనిపిస్తుంది. మూరెడు గొలుసు, బోర్లాపడిన స్టీలు గిన్నె, మధ్యాహ్నానికల్లా జరిగిపోయిన ట్యాంకు నీడ. అది మొరిగే తీరు విన్నవాళ్లు మరిచిపోరు. ఒక అరుపు, కాస్త ఆగి ఇంకో అరుపు, మళ్లీ ఆగి ఇంకోటి, గంటల తరబడి. చుట్టుపక్కలవాళ్లు చప్పుడు గురించి ఫిర్యాదు చేస్తారు. యజమాని వచ్చి కుక్కను కొడతాడు. గిన్నెలో నీళ్లు పోసి గొలుసు విప్పితే ఆగిపోయే అరుపు అది. కుక్క గొంతును శస్త్రచికిత్సతో తీసేయడాన్ని పెంపుడు జంతువుల రక్షణ కోసం 1987లో చేసుకున్న యూరప్ ఒప్పందం నిషేధించింది. కొట్టి నోరు మూయించడం అంతకన్నా మంచి పనేమీ కాదు.

మొరిగే కుక్క కరవదని సామెత ఉంది. దాన్ని నమ్ముకుని ముందుకు నడవకూడదు. లావు గొంతుతో గుక్క తిప్పుకోకుండా వచ్చే మొరుగు “ఇంక దగ్గరికి రావద్దు” అన్న మాట. ఆ మాట వినకపోతే కరుస్తుంది. ఇక గొంతు ఉన్నట్టుండి మారిపోయి బొంగురుపోతే అది రేబిస్ లక్షణం కూడా కావచ్చు, ఆ కుక్కకు దూరంగా తొలగాలి.

ఈ చెవి అందరికన్నా ముందు కావలసింది పిల్లలకు. రేబిస్ అనుమానం ఉన్న జంతువుల కాటుకు గురయ్యేవారిలో 40 శాతం 15 ఏళ్లలోపువాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్క పళ్లు బయటపెడితే నవ్వుతోందని చిన్నపిల్లలు పొరబడతారని పరిశోధనల్లో తేలింది. ఈ సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని వీధి చివరిదాకా నడవండి. కుక్క అరిచినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇది ఆటా, దిగులా, బెదిరింపా అని అడగండి. బెదిరింపైతే పరుగెత్తకుండా చేతులు కిందికి దించి నిలబడాలని, దాని కళ్లలోకి చూడకుండా మెల్లగా వెనక్కి తగ్గాలని చేసి చూపించండి. అయినా కాటు పడితే పసుపు, కారం జోలికి పోకుండా పారే నీళ్లతో, సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రిలో టీకా వేయించండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్లు దాదాపు లేరు.