పీఠికె లేని కత

మా పావగడ తాలూకాలో చానా మందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కన్నడ ప్రబంధానికి బడిలో మాకు నేర్పించింది మూడు భాగాలు: పీఠికె, విషయ వివరణె, ఉపసంహార. తెలుగులో రాయాలన్నా చెయ్యి ఆ దారినే పోతుంది.

మా ఊరి బాయి గురించి ఎప్పుడో రాసింది మొన్న మళ్లీ చదివినా. "నీరు జీవనాధారం" అని మొదలు, "నీటిని కాపాడుకుందాం" అని ముగింపు. అవ్వ చెప్పిందంతా నడుమ ఒక్క వాక్యానికి కుదించినా. ఆమె చెప్పింది ఇట్లుండె: "బొక్కెన ఏస్తే బురద వచ్చె. ఆ వారమే మీ తాత ఎద్దుల్ని సంతకు తోలుకొని పోయె, ఒట్టి పలుపులు బుజాన ఏసుకొని వచ్చె." ఎద్దులు అమ్మినాడనిగానీ, ఎందుకనిగానీ ఆమె అనలే. ఒక పని ఎనక ఇంకొక పని పెట్టింది, అంతే. లంకె మనకే తెలుస్తుంది. నా రాతలో పోయింది ఆ లంకె.

నామిని సుబ్రమణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా'లో చిత్తూరు పల్లె మాటలే కాదు, పిల్లోడు చూసినట్ల చెప్పే వరస కూడా ఉంది. అది నిలబడింది అందుకే అని నా లెక్క.

పీఠికె పనికిరాదని కాదు. ఒక ఊరి పేరు ఎట్ల పుట్టిందో వాదించాలంటే ముందు మాట చెప్పి, ఆధారం చూపించి, ముగించాల్సిందే. కతకు ఆ అచ్చు కుదరదు.

మనం పాత మాటలు ఏరి పెట్టుకుంటా ఉన్నాం. మంచిదే. ఆ మాటలు నడిచిన వరస కూడా మన యాసే. ఈసారి మీ అవ్వ యాడ మొదలుపెట్టిందో, మీరూ ఆడే మొదలుపెట్టండి.