తుపాకి పోగు

హరిణాక్షి, మృగనయన, లేడికళ్ల చిన్నది... స్త్రీ కళ్లను వర్ణించాల్సి వచ్చినప్పుడల్లా మన కవులు అడవివైపు పరిగెత్తారు. లేడి కళ్లు ఎందుకంత బెదురుగా ఉంటాయి? ఎటునుంచి ఏ బాణం వస్తుందో తెలియదు కాబట్టి. ఆ బెదురునే అందం అన్నారు. స్త్రీవాద విమర్శ ఈ సంగతిని ఎప్పుడో పట్టుకుంది. వేటగాడు పురుషుడు, వేట స్త్రీ, కావ్యాల్లో వేట వర్ణన శృంగారానికి ముందుమాట అని మనం రాసుకున్నాం, తరగతుల్లో చెప్పుకున్నాం. అది నిజమే. కానీ ఆ చదువు సగం దారిలో ఆగిపోతోందని నాకు అనిపిస్తోంది. లేడి పక్షాన నిలబడే తొందరలో, వేటకి పోయినవాడి ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్న ఆడమనిషిని మనం చూడడం లేదు. ఆమెకి లేడి మీద జాలి ఉంటే ఉండొచ్చు. ఆకలి మాత్రం తప్పకుండా ఉంది.

ముందు అందరికీ తెలిసిన కథలే చూద్దాం. దుష్యంతుడు లేడిని తరుముకుంటూ కణ్వాశ్రమం దాకా వస్తాడు. ఇది ఆశ్రమంలోది, చంపకూడదు అని మునులు అడ్డుపడితే బాణం దించుతాడు. లేడి బతికింది. కాసేపటికి శకుంతల అతని కంటపడింది. బాణం దించాడే గానీ వేట మానలేదన్నమాట. పాండురాజు కథలో జింకల జంటని కొట్టింది రాజు, శాపం తగిలింది రాజుకి, చితి ఎక్కింది మాద్రి. ఇలాంటి లెక్కలు తేల్చడం మనకి తేలికే.

సీత దగ్గరే చిక్కు. బంగారు లేడి కావాలన్నది సీతే. వాల్మీకి సీత రెండు మాటలంటుంది. ప్రాణాలతో దొరికితే అయోధ్యకి తీసుకెళ్దాం, అంతఃపురంలో అందరూ వింతగా చూస్తారు. చచ్చి దొరికితే దాని చర్మం పరుచుకుని కూర్చుంటాను. మొదటి మాట మనకి గుర్తుంది. రెండో మాటని ఎందుకో తొందరగా దాటేస్తాం. ఆడది బంగారం కోరబట్టే ఇంత అనర్థం జరిగిందని ఇళ్లల్లో ఇప్పటికీ అంటుంటారు. దానికి మన జవాబేమిటి? సీత అమాయకురాలు, మారీచుడు మోసం చేశాడు అంటాం. అంటే సీతని కాపాడడానికి ఆమె కోరికని తీసి పక్కన పెడుతున్నాం. ఆ కోరికతో సహా సీత పక్షాన నిలబడగలమా? చర్మం కావాలన్న సీత పక్షాన? రాముడు అడవిలో ఎన్ని మృగాలని కొట్టినా ఎవరూ ప్రశ్నించరు, అది క్షత్రియుడి అలవాటు. ఒక్క చర్మం మీద మనసుపడ్డ ఆమెని మాత్రం యుగాలుగా నిలదీస్తూనే ఉన్నాం.

మా ఓరుగల్లుతో ముడిపడ్డ కథ ఇంకొకటుంది. ప్రతాపరుద్రుని సేనాని గన్నయకి అంకితంగా మారన మార్కండేయపురాణాన్ని తెలుగు చేశాడు. అందులోని స్వారోచిష మనువు కథనే తర్వాత పెద్దన మనుచరిత్రగా పెంచాడు. మనకి వరూధినీ ప్రవరులు గుర్తున్నంతగా ఆ కథ చివర గుర్తుండదు. వరూధిని కొడుకు స్వరోచి వేటలో పందిని కొట్టబోతుంటే ఒక ఆడలేడి అడ్డం వస్తుంది. దాన్ని వదిలి నన్ను కొట్టు అంటుంది. కోరుకున్నవాడు దక్కనప్పుడు ఈ బతుకెందుకు అంటుంది. ఎవరా కోరుకున్నవాడు అంటే, నువ్వే అంటుంది. అతను కౌగిలించుకోగానే వనదేవత అవుతుంది. మనువు పుట్టింది ఆమెకే. వేటకి గురయ్యేదే బాణాన్ని కోరుకుంటోందని చెప్పడం మగవాళ్ల పాత ఎత్తుగడ అని ఈ కథని కొట్టిపారేయొచ్చు. నేనూ పూర్తిగా కాదనను. అయితే అదే కథలో అంతకుముందు ఒక మగజింక తన చుట్టూ మూగిన లేళ్లని విసుక్కుంటూ, నేనేమీ స్వరోచిని కాను, పొండి అంటుంది. రాజుగారి బహుభార్యాత్వం అడవిలో మృగాలకి కూడా ఎగతాళి అయిపోయింది! ఒక సేనానికి అంకితమిచ్చిన గ్రంథంలోకి ఇలా వేటగాడిని చూసి నవ్వే కథ వచ్చి చేరడం నాకు ఎంతో ఇష్టం.

బాణాల కాలం దాటి తుపాకుల కాలానికి వస్తే మా జిల్లా వేటకి ఒక ఫోటో ఉంది. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ నెక్కొండ దగ్గర శిబిరం వేసుకుని వేటాడినప్పుడు తీసింది. చచ్చిన పులి, కర్జన్, పక్కన ఆయన భార్య మేరీ. మా ప్రాంతపు వేట చరిత్రలో పేరుతో సహా నమోదైన స్త్రీ ఎవరా అని వెతికితే నాకు మొదట దొరికింది షికాగో నుంచి వచ్చిన ఈ మేరీ. అదీ వైస్రాయి భార్య కాబట్టి. నిజాం రాజ్యంలో పెద్దలకి వేట శిబిరం పడిందంటే చుట్టుపక్కల ఊళ్లకి వెట్టి పడేది. డప్పులు కొట్టి మృగాన్ని లేపడం, మూటలు మోయడం, కోళ్లు, పాలు తెచ్చివ్వడం. ఆ పాలు పితికిన చేతులు ఏ ఫోటోలో ఉంటాయి?

అలాంటి చేతులున్న మనిషి ఒకామె మా ఇంట్లోనే ఉండేది. మా అమ్మమ్మది పాకాల అడవి అంచున ఊరు. చివరి పదేళ్లు మట్టెవాడలో మాతోనే ఉంది. వేట గురించి అడిగినప్పుడల్లా “అది మగోళ్ల ముచ్చట” అని తోసేసేది. ఒకసారి, వేటకి పోయినరోజు మీరేం వండేవాళ్లు అని అడిగాను. ఇక ఆగలేదు.

“యాసంగి కోతలైనంక తుపాకి తీసేది. ఊరికి ఒక్కటే బర్మారు, అది మీ తాతదే. ఎండలకు చెలిమెలెండితే దుప్పులు చెరువుకు దిగేటియి. మగోళ్లు పొద్దూకంగ పోయి తెల్లారంగ వచ్చేది. మేం పండుకుంటమా? అల్లం ఎల్లిగడ్డ నూరి, ధనియాలు ఏంచి పెట్టుకొని కూసునేది. ఒక్క సప్పుడైతే తగిలినట్టు. మల్ల సప్పుడైతే తప్పినట్టు.”

చీకట్లో తుపాకీ చప్పుళ్లు లెక్కపెడుతూ కూర్చున్న ఆడవాళ్లు! వేట సాహిత్యంలో ఉత్కంఠ అంతా చెట్టు మీద మాటు వేసినవాడిదే. ఇక్కడ ఊరు ఊరంతా మాటు వేసి ఉంది.

ఏమీ దొరక్కపోతే, అన్నాను.

“నూరిన మసాల పారబోస్తమా బిడ్డా? చింతపులుసుల కలిపేది. వాసన దుప్పి కూరది, గిన్నెల ఉత్త పులుసు.”

దొరికితే పోగులు పెట్టేవారు. ఒక తొడ దొర గడీకి. కొట్టినవాడికి ఒక పోగు, తుపాకీ ఎవరిదైతే వాళ్లకి వేరే పోగు, వెంట పోయినవాళ్లకి తలా ఒకటి. వాసన పట్టిన కుక్కకి కూడా కొంత తీసేవారట. తోలు ఒలిచి, పేగులు కడిగి, ముక్కలు కొట్టిన ఆడవాళ్లకి? అమ్మమ్మ నవ్వింది. “కుక్కకున్నది గని మాకేడిది?” మొగుడి పోగే వాళ్ల పోగు. మొగుడు లేని ఇంటికి ఎవరైనా తలుచుకుని పంపితేనే. తాత చనిపోయినప్పుడు అమ్మమ్మకి పాతికేళ్లు, ఇద్దరు పిల్లలు. దినాలు కాకముందే మరిది వచ్చి బర్మారు తీసుకుపోయాడు. ఆడముండకి తుపాకెందుకు అన్నాడట. తుపాకీతో పాటే తుపాకి పోగూ పోయింది. భూమి గురించి, ఇంటి గురించి తగాదాపడ్డవాళ్లు ఉన్నారు గానీ ఈ పోగు గురించి ఏ పంచాయతీలో ఎవరు అడుగుతారు?

ఇంకోటి చెప్పింది. ఒకసారి కోస్తుంటే సూడి దుప్పి అని తెలిసింది, కడుపులో పిల్ల ఉంది. బాధనిపించలేదా అన్నాను. నేను ఏ జవాబు కోసం ఎదురుచూస్తున్నానో చదువుకున్న మీకు తెలుస్తుంది. “అనిపించింది. అన్నంల కూర ఏసుకున్నంక మరిసిపోయిన. మూడు దినాల సంది గంజే తాగుతున్నం.” స్త్రీకీ ప్రకృతికీ పుట్టుకతో ఒక బంధం ఉందని చెప్పే సిద్ధాంతం ఈ మాటని ఎక్కడ పెట్టుకుంటుంది?

అమెరికాలో నవంబర్ వేట సీజన్‌లో ఆడవాళ్లు కూడా తమ పేరున లైసెన్సు తీసుకుని తుపాకీతో దుప్పిని కొడతారు. మేరీ జైస్ స్టాంజ్ 1997లో ‘వుమన్ ద హంటర్’ అనే పుస్తకం రాసి, స్త్రీలు సహజంగానే హింసకి దూరం అనే నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించింది. అంతకుముందు 1966లో షికాగోలో మానవశాస్త్రజ్ఞులు ‘మాన్ ద హంటర్’ పేరిట పెద్ద సదస్సు జరిపితే, 1970లలో శాలీ స్లోకమ్ గింజలూ దుంపలూ ఏరుకొచ్చిన స్త్రీలు ఏమయ్యారని నిలదీసింది. ఇద్దరూ నాకు పనికొచ్చారు. అయితే మా అమ్మమ్మ తుపాకీ పట్టలేదు, తన కూర తాను ఏరుకురానూ లేదు. వేట మీద ఆశ పెట్టుకుంది, వేట వంట చేసింది, వాటా అడగలేకపోయింది. ఈ మూడింటికీ కలిపి మన దగ్గర ఒక మాట లేదు.

అడగగలిగిన స్త్రీలు లేకపోలేదు. గోదావరి కోయగూడేల్లో విత్తనాలకు ముందు భూమి పండుగ చేస్తారు. ఆ రోజుల్లో మగవాళ్లు వేటకి వెళ్లితీరాలి. ఖాళీచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఎగతాళి చేసి పేడనీళ్లు కుమ్మరిస్తారు. మానవశాస్త్ర గ్రంథాల్లో, పత్రికా వార్తల్లో ఇది ఒక వింత ఆచారం. నాకు మాత్రం ఇది విమర్శ! వేట ఎలా జరిగిందో తీర్పు చెప్పే హక్కు వండేవాళ్ల చేతిలో ఉంది. కోయ స్త్రీలకి సమానత్వం ఉందని దీన్నిబట్టి అనేయను, బయటిదాన్ని. విల్లు వాళ్ల చేతికి రాలేదు కూడా. ఇప్పుడు అదే పండుగకి రోడ్డుకి అడ్డంగా నిలబడి, రేల పాటలు పాడుతూ వాహనాలని ఆపి డబ్బులు అడుగుతున్నారు. మేడారం కథలోనూ వేటకి వెళ్లిన దొరలకి అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న ఆడబిడ్డ దొరికింది. ఆ సమ్మక్కే పెరిగి కాకతీయ సైన్యం మీద ఆయుధం ఎత్తింది. వేట నుంచి మాంసానికి బదులు మనిషి ఇంటికొచ్చిన కథ నాకు తెలిసి ఇదొక్కటే.

ఆ రోజులు తిరిగి రావాలని నేను అనడం లేదు. 1972 చట్టం తర్వాత దుప్పిని కొట్టడం నేరం, అలాగే ఉండాలి. ఇప్పుడు అడవుల్లో దొంగతనంగా పెడుతున్న కరెంటు తీగలకి దుప్పులే కాదు, దారినపోయే మనుషులూ చచ్చిపోతున్నారు. తెలంగాణ వచ్చాక జింక మన రాష్ట్ర జంతువైంది. హన్మకొండలో హంటర్ రోడ్డు మీద జూపార్కులో జింకలు హాయిగా మేస్తుంటాయి, ఆ రోడ్డు పేరు చూసి నవ్వు వస్తుంది. నేనడిగేది వేట గురించి కాదు, వేట చరిత్ర గురించి. మౌఖిక చరిత్రలు సేకరించే మన ప్రశ్నావళుల్లో స్త్రీలకి పెళ్లి, కాన్పు, నాట్ల పాటలు ఉంటాయి. వేట, తుపాకీ, అడవి హద్దులు మగవాళ్ల కాగితంలో ఉంటాయి. ఆ రెండు కాగితాలని మార్చి అడిగితే ఏం చెబుతారు?

బర్మారు ఏమైందని అమ్మమ్మని అడిగాను. చట్టం వచ్చిన కొన్నాళ్లకి ఠాణాలో జమ చేశారట. రసీదు మరిది పేరున రాసిచ్చారు.