వంకర చుక్క చెప్పే నిజం

ఆకాశాన్ని ఫొటో తీసేవాళ్ల పనితనం ఎక్కడ బయటపడుతుందని ఎవరైనా అడిగితే, నెబ్యులా రంగులు చూసి మురిసిపోవద్దంటాను. ఫొటోని పెద్దది చేసి, అందులో పేరూ ఊరూ లేని ఓ చిన్న చుక్కని చూడమంటాను. అది గుండ్రంగా ఉంటే తీసినవాడికి సగం విద్య వచ్చినట్టు. కోలగా సాగినా, ఎందుకు సాగిందో వేలుపెట్టి చూపగలిగితే మిగతా సగమూ వచ్చినట్టే. ఆ రెండో సగానికే నా దండాలు. ఇవాళ కరువవుతున్నదీ అదే.

ఎంత కష్టమైన పనో ఒక లెక్క చెబుతాను. భూమి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలో ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి చుక్కలు సెకనుకి 15 ఆర్క్‌సెకండ్ల చొప్పున పడమటికి జరుగుతుంటాయి. ఆర్క్‌సెకండంటే డిగ్రీలో 3600వ వంతు. 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోపుకి 3.76 మైక్రాన్ల పిక్సెళ్ల కెమెరా తగిలిస్తే ఒక్కో పిక్సెల్ ముప్పావు ఆర్క్‌సెకండుకి కాస్త ఎక్కువ. మోటారు ఆగిందా, సెకనులో చుక్క పందొమ్మిది పిక్సెళ్లు దాటేస్తుంది. దాన్ని ఐదు నిమిషాల సేపు ఒకటి రెండు పిక్సెళ్లు కదలకుండా పట్టి ఉంచాలి. అదీ ఇంట్లో మేడ మీద, ఇనుప కాళ్ల స్టాండు మీద.

ఇప్పుడు కంప్యూటరు చేసే ఈ కాపలా ఒకప్పుడు మనిషి కన్నే చేసేది. ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డ్ అమెరికాలోని నాష్‌విల్‌లో పేదింటి పిల్లాడు. తొమ్మిదేళ్లయినా నిండకుండానే ఫొటో స్టూడియోలో కుదిరాడు. ప్రింట్లు వేయడానికి మేడ మీద పెట్టిన పెద్ద యంత్రం సూర్యుడి వైపే చూస్తుండేలా చక్రాలు తిప్పుతూ ఉండటం అతని పని. పసితనంలో సూర్యుడిని వెంబడించిన ఆ చేతులే తర్వాత లిక్ అబ్జర్వేటరీలో పాలపుంతని గంటల తరబడి వెంబడించాయి. 1905లో బ్రూస్ టెలిస్కోపుతో మౌంట్ విల్సన్ మీద ఆయన తీసిన ప్లేట్లని చూస్తే ఇప్పటికీ నాకు నోట మాట రాదు. ఆయన పోయాక 1927లో వచ్చిన పాలపుంత అట్లాసులో ఉన్నవి అచ్చు బొమ్మలు కావు, అసలు ఫొటో ప్రింట్లు.

మిల్టన్ హ్యూమసన్ సంగతి మరీ విచిత్రం. మౌంట్ విల్సన్ కొండ మీదికి కంచర గాడిదలు తోలిన మనిషి. హైస్కూలు చదువైనా లేదు. అయితేనేం, దూరపు గెలాక్సీల వర్ణపటాల కోసం ఒకే ప్లేటుని రాత్రి తర్వాత రాత్రి తెరిచి, ఆ మసక మరకని సన్నటి చీలిక మీద నిలబెట్టాడు. విశ్వం విస్తరిస్తోందన్న అవగాహనకి దారితీసిన ఖగోళ శాస్త్రవేత్త హబుల్ లెక్కకి ఆ చేతి నిలకడ ఆధారమైంది.

కానీ ఈ విద్యకి గురుపీఠం ఎవరికివ్వాలంటే నా ఓటు జేమ్స్ కీలర్‌కే. ఇంగ్లండులో ఆండ్రూ కామన్ కట్టించిన 36 అంగుళాల అద్దపు టెలిస్కోపు చేతులు మారి 1895లో లిక్‌కి చేరింది. దాన్ని మోసి తిప్పే మౌంటుతో వేగలేమని అక్కడివాళ్లే విసుక్కున్నారు. 1898లో డైరెక్టరుగా వచ్చిన కీలర్ దాన్నే పట్టుకుని, లోపాలని ఒక్కొక్కటిగా వెతికి సరిచేశాడు. స్తంభం మరీ ఎత్తయిందని పైభాగం కోయించాడు. ప్లేటు అంచు దగ్గరే ఒక కటకం పెట్టి, అందులో కనిపించే చుక్కని చూస్తూ, టెలిస్కోపు బదులు ప్లేటునే మరలతో అటూ ఇటూ జరిపే కామన్ ఉపాయాన్ని వాడుకున్నాడు. ఇవాళ మనం ఆఫ్ యాక్సిస్ గైడర్ అని కొనుక్కునేదానికి అదే తాత. ఆ పనికిరాని మౌంటు మీద తీసిన ఆయన ప్లేట్లు, ఆకాశంలో వేలాది సర్పిల నెబ్యులాలున్నాయని రెండేళ్లలో చాటాయి. 1900లో, 42 ఏళ్లకే కన్నుమూశాడు. లోపాన్ని తిట్టకుండా విచారించడం ఎలాగో ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

మన హైదరాబాదు ఈ కథకి బయట లేదు. 1901లో నవాబు జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, ఆకాశం మొత్తాన్ని ఫొటోల్లో పటం గీయాలని 1887లో పారిస్‌లో తలపెట్టిన అంతర్జాతీయ ప్రణాళికలో భాగమైంది. బేగంపేటలో 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫుతో దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీని మనవాళ్లు ప్లేటు ప్లేటుగా పూర్తిచేశారు. ఆ అబ్జర్వేటరీ ఉద్యోగి ఇంట్లో పెరిగిన కుర్రాడే ఖగోళ శాస్త్రవేత్త వైణు బప్పు. ఇప్పుడు బేగంపేట ఆకాశంలో లెక్కపెట్టేన్ని చుక్కలైనా కనపడవు.

చరిత్ర సంగతి అక్కడితో చాలు. ఫిలిం పోయింది, 1980ల చివర్లో ఎస్‌టీ-4 అనే ఆటోగైడర్, అంటే ఒక చుక్క మీద కన్నేసి మౌంటుని దిద్దే పరికరం, వచ్చింది, ఆ తర్వాత క్రెగ్ స్టార్క్ రాసిన పీహెచ్‌డీ అనే ప్రోగ్రాం పుణ్యమా అని గైడింగు మామూలు మనిషికి అందింది. ఇక అసలు విద్యకొద్దాం. ఇది నాడి పట్టే వైద్యం లాంటిది. రోగి చుక్క, నాడి దాని వంకర.

మొదటి ప్రశ్న: వంకర అన్నిచోట్లా ఒకటేనా? నడుమ చుక్కలు గుండ్రంగా ఉండి, మూలల్లోనివి బయటికి రెక్కలు విప్పితే గైడింగు జోలికి పోవద్దు. అది కటకం దోషమో, కెమెరా ఒరగడమో, కటకానికీ కెమెరాకీ మధ్య దూరం తప్పడమో. ఇది తెలియక మౌంటు విప్పి పోసినవాళ్లని ఎందరినో చూశాను.

అన్ని చుక్కలూ ఒకే వైపు సాగాయనుకోండి. తూర్పు పడమరలుగా సాగితే అనుమానం వార్మ్ గేరు మీదికి, అంటే పళ్ల చక్రాన్ని తిప్పే మర మీదికి పోవాలి. ఎంత బాగా చెక్కినా ఆ మరలో చిన్న ఎత్తుపల్లాలుంటాయి, అది తిరిగిన ప్రతిసారీ చుక్క ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఈక్యూ6 రకం మౌంట్లలో 180 పళ్ల చక్రం ఉంటుంది కాబట్టి ఆ ఊగు దాదాపు 8 నిమిషాలకోసారి వస్తుంది. హెచ్‌ఈక్యూ5లో 135 పళ్లు, పదిన్నర నిమిషాలు పైచిలుకు. గైడర్ దిద్దుబాట్లు ఆపి, అది గీసే గ్రాఫులో ఆ అలని చూడండి. దాని కాలం లెక్కకి సరిపోతే దొంగ దొరికినట్టే. కాలం అంతకన్నా బాగా తక్కువైతే వార్మ్‌కి ముందున్న చిన్న గేర్లనో బెల్టునో అడగాలి. బరువుని తూర్పు వైపు ఇసుమంత మొగ్గేలా సర్దితే పళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పాతకాలం వాళ్లు చెప్పిన ఈ మాట ఇప్పటికీ పనిచేస్తుంది.

ఉత్తర దక్షిణాలుగా సాగితే రెండు అనుమానాలు. గ్రాఫులో చుక్క ఆజ్ఞలు వినకుండా కాసేపు మొండికేసి, ఒక్కసారి అవతలికి దూకితే అది బ్యాక్‌లాష్, అంటే పళ్ల మధ్య సందు. గేరు సందు బిగించాలి, లేదా దిద్దుబాటుని ఒకే దిశకి పరిమితం చేయాలి. అలాక్కాక ఒకే వైపు నెమ్మదిగా జరుగుతుంటే పోలార్ అలైన్‌మెంట్ తప్పింది, అంటే మౌంటు అక్షం ధ్రువం వైపు సరిగ్గా చూడటం లేదు. గైడర్ ఆ జారుడుని దిద్దినా తప్పు దాగదు. గైడ్ చుక్క చుట్టూ మిగతా చుక్కలు విల్లులా వంగుతాయి.

ఈ విషయంలో మనకి ప్రత్యేకమైన చిక్కుంది. ధ్రువ నక్షత్రం హైదరాబాదులో 17 డిగ్రీల ఎత్తునే ఉంటుంది, తిరుపతిలో పదమూడున్నర. దుమ్ములో, పక్కింటి వాటర్ ట్యాంకు వెనక అది కనపడదు. అంత తక్కువ అక్షాంశంలో కౌంటర్ వెయిట్ కడ్డీ ఉత్తరం వైపు కాలికి కొట్టుకుంటుంది కూడా. దానికి మౌంటు కింద పొడవు గొట్టమో, సిమెంటు దిమ్మో మందు. ధ్రువం కనపడకపోతే డ్రిఫ్ట్ పద్ధతి ఉండనే ఉంది. దక్షిణాన నడినెత్తి రేఖ మీద, ఖగోళ మధ్యరేఖకి దగ్గరగా ఉన్న చుక్కని చూడండి. దక్షిణానికి జారితే అక్షం తూర్పుకి తిరిగి ఉంది, ఉత్తరానికి జారితే పడమటికి. తర్వాత తూర్పున ఒక చుక్క: దక్షిణానికి జారితే అక్షం కిందికుంది, ఉత్తరానికైతే పైకుంది. యాప్ అక్కర్లేదు, ధ్రువం అక్కర్లేదు, ఓపిక చాలు.

అన్నిటికన్నా మాయదారి రోగం మరొకటుంది. గ్రాఫు బ్రహ్మాండంగా ఉంటుంది, ఫొటో మాత్రం సాగుతుంది. గైడ్ టెలిస్కోపు చూస్తున్న చోటుకీ, కెమెరా చూస్తున్న చోటుకీ మధ్య ఏదో వంగుతోందన్నమాట. ఒక స్క్రూ, ఒక రింగు, ఫోకసరు, కదిలే పెద్ద అద్దం. గంటసేపు తీసిన ఫ్రేములని వరసగా తిప్పి చూస్తే దృశ్యమంతా ఒకే వైపు పాకుతుంటుంది. దీనికి కీలర్ మందే మందు: ఆఫ్ యాక్సిస్ గైడర్. గ్రాఫు ముళ్లకంపలా ఉంటే మాత్రం మరమ్మతుకి తొందరపడొద్దు. గాలి వణుకుని గైడర్ వెంటాడుతోందేమో. ఎక్స్‌పోజరు రెండు మూడు సెకన్లకి పెంచి, దూకుడు తగ్గించి చూడండి. చుక్క రెండుగా చీలితే వేలాడే కేబుల్ ఎక్కడ తగులుకుందో చూడండి.

నేను గురువుగా భావించే ఒకాయన ఉన్నారు. పేరు రాస్తే కోప్పడతారు. ఒక్క ఫ్రేము పంపితే చాలు, అయిదు నిమిషాల్లో ఫోను చేసి, "ఏవండీ, డ్యూ హీటర్ వైరు పడమటి వైపు లాగుతోంది చూడండి" అంటారు. వెళ్లి చూస్తే లాగుతూనే ఉంటుంది! మరల్ని చెవితో వింటారు, గ్రీజుని వేళ్లతో చదువుతారు. అలాంటివాళ్లకి శిష్యులు కరువైపోయారు.

ఎందుకు కరువయ్యారో చెబితే కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. ఇప్పుడు సాగిన చుక్కలని బటన్ నొక్కి గుండ్రం చేసే సాఫ్ట్‌వేర్లొచ్చాయి. వాటితో ఎవరేం చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ వంకర చుక్క సాక్షి. దాని నోరు నొక్కితే నేరస్థుడు మౌంటులోనే మిగులుతాడు. మర్నాటి రాత్రీ ఉంటాడు, వచ్చే ఏడూ ఉంటాడు. పైగా సాగిన చుక్కలో చెల్లాచెదురైన వెలుగు వెనక్కి రాదు, గెలాక్సీ చేతుల్లోని సన్నటి పోగులు దక్కవు. సాఫ్ట్‌వేర్ ఊహించి గీసినదాన్ని ఆకాశమని చూపించి, పైన తమ పేరు వేసుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కౌంటర్ వెయిట్ అక్కర్లేని కొత్త హార్మోనిక్ మౌంట్లంటే కుర్రాళ్లకి మహా మోజు. మోయడానికి తేలికే, ఒప్పుకుంటాను. కానీ గైడ్ కెమెరా తీసేస్తే వాటి బండారం బయటపడుతుంది. అరసెకనుకో సెకనుకో ఓసారి గదమాయిస్తేగానీ దారిలో నడవవు. బాగా చెక్కిన వార్మ్ గేరు తన కాళ్ల మీద తాను నడుస్తుంది. నేను వార్మ్ పక్షం, ఇందులో రాజీ లేదు.

ఖగోళ క్లబ్బులకీ, పోటీలు పెట్టేవాళ్లకీ నా విన్నపం ఒకటే. బహుమతికి వచ్చిన ప్రతి ఫొటోతో పాటు, ఏ దిద్దుబాటూ చేయని ఒక్క ఫ్రేమునీ, ఆ రాత్రి గైడింగ్ గ్రాఫునీ అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. చుక్క కాస్త సాగినా సరే, ఎందుకు సాగిందో రాసినవాడికి మార్కులు వేయండి. అనంతగిరికో హార్స్‌లీ హిల్స్‌కో పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఫోను యాప్ పక్కన పెట్టి, ఒక్కసారైనా డ్రిఫ్ట్ పద్ధతిలో అక్షం సరిచేయించండి. ఆ పని చేసిన పిల్లాడు జన్మలో మరొకరి ఫొటోకి తన పేరు వేసుకోడు.